మీరెప్పుడు ఖాళీ?

మొన్న శనివారం పొద్దున ఎవరో తలుపు కొడితే వెళ్ళి తీశాను. మెడలో కాలేజీ కార్డు వేలాడేసుకున్న అమ్మాయి ఒకతె కాగితం, కలం పట్టుకుని నిలబడి ఉంది. ముఖం ఎరిగినదే. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వెనక సందులోని పీజీలో ఉంటుంది, కింద పాల దుకాణం దగ్గర అప్పుడప్పుడు కనిపిస్తుంది. చక్కగా నవ్వి, "ఆంటీ, మీరెప్పుడు ఖాళీ?" అంది. మాది అద్దె ఇల్లు. ఓనరుగారి అబ్బాయికి పెళ్ళి కుదిరిందని, కొత్త కాపురం ఈ ఇంట్లోనే పెట్టిస్తారని వాచ్‌మన్ చెవిన వేసినప్పటి నుంచీ నేను లోలోపల ఉడికిపోతూనే ఉన్నాను. నాతో ఒక్క ముక్క చెప్పకుండా అప్పుడే మనుషుల్ని పంపించడం కూడా మొదలుపెట్టాడన్నమాట, అనుకున్నాను. "ఎవరు పంపారమ్మా నిన్ను? మేమింకా ఏమీ అనుకోలేదు" అన్నాను, తలుపు సగం మూసి. ఆ పిల్ల తెల్లబోయింది. "అయ్యో, ఎవరూ పంపలేదాంటీ. కాలేజీ ప్రాజెక్టు. ఈ ఏరియాలో వాళ్ళు ఖాళీ టైమ్‌లో ఏం చేస్తారో అడిగి, లోకల్ యాక్టివిటీ గైడ్ ఒకటి డిజైన్ చెయ్యాలి. ఇంకా ఐడియాల దగ్గరే ఉన్నా. మీకెప్పుడు కుదిరితే అప్పుడే వస్తా." వాళ్ళది నరసరావుపేటట.

నాకు నవ్వు రావాలి, రాలేదు. "పురుసొత్తు లేదమ్మా, పో" అనేసి తలుపేసుకున్నాను. వేసుకున్నాక గానీ ఆ మాట నా చెవిన పడలేదు. అది నా గొంతు కాదు, మా అవ్వది. మాట విసురు కూడా అవ్వదే. ఆ పూటంతా ఇంట్లో కాలు నిలవలేదు. కూర తరుగుతూ మధ్యలో వదిలేశాను, ఉతికిన బట్టలు మళ్ళీ నానబెట్టాను. ఆ పిల్ల నిలబడిన చోట ఒకప్పుడు నేను నిలబడ్డాను. అదే కాగితం, అదే కలం, అక్షరం తేడా లేకుండా అదే ప్రశ్న. ఆ ప్రశ్నతో నేనొక కొంప ఖాళీ చేయించాను కూడా.

అప్పట్లో నేను యలహంక పాత ఊళ్ళో మా అమ్మమ్మ ఇంట్లో ఉండి డిజైన్ చదువుతున్నాను. పుట్టి పెరిగింది ఒంగోలు. మా అమ్మది మాత్రం బెంగళూరులో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఆ ఇంట్లో అమ్మమ్మ అనే మాటే లేదు, ఊరందరికీ లాగే నాకూ ఆవిడ అవ్వే. డిజైన్ అంటే ఏమిటో మా నాన్నకు చివరిదాకా అర్థం కాలేదు. "ఈ ఏడు గట్టెక్కితే సరే. లేదంటే పెట్టె సర్దుకుని వచ్చెయ్, బ్యాంకు పరీక్షలకు కూర్చుందువుగాని" అని రైలెక్కిస్తూ చెప్పాడు. అలాంటి మాటలు ఆయన ఉత్తినే అనడు. నాకేమో ఒంగోలు వెళ్ళడమంటే ఊపిరాడనట్టుండేది. అలాగని ఇక్కడ కుదురుగా చదివానా అంటే అదీ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటైనా పోవాలనిపించేది. అవ్వ నన్ను కాలుగాలిన పిల్లి అనే పిలిచేది, అసలు పేరు పెద్దగా వాడలేదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వీధి అరుగును వాళ్ళు జగిలి అంటారు. పొద్దున్నే దానిమీద నీళ్ళు కొట్టి కడిగిన తడి వాసన, దాని వెనకే వంటింట్లోంచి చికోరీ కాఫీ వాసన. చలికాలం వచ్చిందంటే ఈ రెంటినీ మింగేసి ఇల్లంతా అవరేకాయల వాసన, మనం అనపకాయలంటామే, అవి. ఆ వాసనకు వాళ్ళు సొగడు అని ప్రత్యేకంగా పేరు కూడా పెట్టుకున్నారు. కొత్తవాళ్ళకు పచ్చి పచ్చిగా తోస్తుంది కానీ, నాలుగు రోజులు పోతే అది లేనిదే చలికాలం వచ్చినట్టుండదు. కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కాలి. తోలు వేళ్ళ మధ్య మిగిలిపోయి, పప్పు తుర్రుమని గిన్నెలోకి దూకుతుంది. దాంతో చేసే పితికిపప్పు సారు అనే పులుసు కోసం ఆస్తులు రాసివ్వొచ్చు. అయితే ఒక గిన్నె పప్పుకు ఒక మధ్యాహ్నం మొత్తం పోతుంది.

ఆ మధ్యాహ్నాలు అవ్వవీ, సరోజక్కవీ. సరోజక్క మా పెరటి భాగంలో అద్దెకున్న ఆవిడ. మొగుడు నారాయణప్పకు పీణ్య పారిశ్రామికవాడలో ఒక మిషన్ షాపులో పని. నేను పుట్టకముందు నుంచే వాళ్ళు అక్కడున్నారు. తాతయ్య పోయాక అవ్వ గేటు దాటడం మానేసింది. ఎవరూ కట్టడి చేయలేదు, జబ్బూ లేదు. పెళ్ళికి పిలిచినా "పురుసొత్తు లేదు", మేనమామ వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నా "పురుసొత్తు లేదప్పా". ఆ మాటకు తీరిక అని అర్థమట. తీరిక ఉందని చెప్పడానికి దాన్ని ఎవరైనా వాడగా నేను మాత్రం వినలేదు. ఆ ఊళ్ళో అది ఎప్పుడూ "లేదు"తోనే కాపురం చేస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సరోజక్క చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పురుసొత్తే లేదమ్మా, ఇట్ల వచ్చి అట్ల పోతాను" అంటూ జగిలి మీద కూలబడి, దీపాలు పెట్టే వేళకు గానీ లేచేది కాదు. వాళ్ళిద్దరి మాటల్లోకి ఊరంతా వచ్చిపోయేది. నేను గుమ్మంలో నిలబడి, ఇంతసేపు ఒక్కచోట ఎలా కూర్చుంటారా అని చిరాకుపడేదాన్ని.

ఆ ఏడు మాకిచ్చిన పని, ఉన్న పేటకు ఒక చిన్న గైడ్ తయారుచేయడం. చుట్టుపక్కల ఏమేం చేయొచ్చో చెప్పే పుస్తకం లాంటిది. నేను ఉత్సాహంగా చెరువులు, తోటలు, రాజభవనం ఫొటోలు అతికించి తీసుకెళ్ళాను. మా మేడమ్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసి, "ఇది ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకు. ఊళ్ళో ఉన్నవాళ్ళకేదీ?" అని పక్కన పెట్టేసింది. రెండోసారి సంగీతం క్లాసులు, కుట్టు క్లాసులు, యోగా అని రాసుకెళ్ళాను. ఈసారి చూడనైనా చూడలేదు. "ఇది చదివి ఒక్క మనిషైనా గడప దాటుతారా? వెళ్ళి జనాన్ని అడుగు, వాళ్ళేం చేస్తారో. వచ్చే జ్యూరీకి ఇలాంటిదే తెచ్చావంటే మళ్ళీ ఏడాది కూర్చోవాలి." జ్యూరీ అంటే మా ఏడాది చివరి పరీక్షే. మళ్ళీ ఏడాది అంటే నాకు ఒంగోలు రైలు కూత వినిపించింది. ఆ సాయంత్రమే అట్ట, కాగితం, కలం పట్టుకుని వీధిన పడ్డాను.

పూలమ్మే ఆవిడను అడిగితే పురుసొత్తు లేదంది, అని గంటసేపు తన కోడలి సంగతులు చెప్పింది. టైలరు పురుసొత్తెక్కడిది పాపా అంటూ మిషన్ ఆపి మేడ మీదికి తీసుకెళ్ళాడు. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ విమానాలు పల్టీలు కొడుతుంటే సాయంత్రాలు ఆ మేడ మీద వీధి మగవాళ్ళందరూ చేరతారట. చర్చి ముందు కనిపించిన నర్సమ్మ నెల్లూరావిడ. డ్యూటీ దిగి నేరుగా పాటల ప్రాక్టీసుకు వచ్చి, కూర్చోకుండానే పాడుతూ, నాకు తీరికెక్కడమ్మా అంది. నేను మాత్రం తీరిక లేదు అని కాగితం మీద వరసగా రాసుకుంటూ పళ్ళు నూరుకున్నాను. ఒక్కరికీ ఖాళీ లేని ఊరికి గైడ్ ఎందుకు? ఇంటికొచ్చేసరికి సరోజక్క బావి పక్కన గిన్నెలు తోముకుంటోంది. పరాయిది కాదు, దాపరికం లేకుండా చెబుతుందనుకుని, కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడి, "అక్కా, మీరెప్పుడు ఖాళీ?" అని అడిగాను.

ఆవిడ చేయి గిన్నె మీద ఆగిపోయింది. "ఏం పాపా?" అంది. నేను వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా, "మీరూ నారాయణప్పన్నా ఎప్పుడు ఖాళీ అని. రాసుకోవాలి, నాకు త్వరగా చెప్పాలి" అన్నాను. సరోజక్క నా వంక, కాగితం వంక, ముందింటి వంక చూసింది. "ఆయన్ని అడిగి చెప్తాలే" అని, తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. ఇంత చిన్న సంగతికి మొగుణ్ణి అడగడమేమిటో అనుకుంటూ లోపలికొచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం సరోజక్క రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అవ్వ నానబెట్టిన గింజలు ముందేసుకుని కూర్చుని, ఒకటి పితికి వీధి వైపు, ఒకటి పితికి పెరటి వైపు చూసేది. "ఏమాయ ఆయమ్మకి? ఒళ్ళు బాగలేదా? చూసి రాపో" అని నన్ను తరిమేది. నేను వెళితే సరోజక్క, "కెలసం ఉండాదమ్మా" అని పని వంకతో ముఖం తిప్పుకునేది. మాట పడని మనిషి అవ్వ, మాట అననిది సరోజక్క. ఇద్దరూ బిగుసుకుపోయారు. పెరటికీ ముందింటికీ మధ్య ఉన్న తలుపు, నేను ఎప్పుడూ మూసి ఉండగా చూడనిది, మూతపడింది. అవ్వకు నిద్ర లేదు, తిండి మీద మనసు లేదు. ఇంట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. కాలుగాలిన పిల్లులు ఇద్దరమయ్యాం.

ఒకరోజు పెరట్లో సామాను కదిలిస్తున్న చప్పుడైంది. అవ్వ ఇక ఆగలేదు. ఆ తలుపు తోసుకుని వెళ్ళింది, వెనకే నేను. గది మధ్యలో చాప పరిచి గిన్నెలు మూట కడుతున్నారు.

"ఏమే సరోజా, నా జగిలి నిన్ను కరుస్తా ఉండాదా? మొగం చూపించక ఎన్ని దినాలాయ? ఇదేం మూట?"

సరోజక్క లేవలేదు. "నువ్వే ఇట్ల అడిగితే ఎట్లమ్మా? ఖాళీ చేయమంటిరి, చేస్తా ఉండాం. మేమేమన్నా ఎదురు మాట్లాడితిమా?"

"ఎవురే నిన్ను ఖాళీ చేయమనింది?"

"మీ పాపే అడిగె. మీరెప్పుడు ఖాళీ అని, కాయితం కలం పట్టుకోని అడిగె. నీ కొడుకు ఇల్లు అమ్మేకి చూస్తా ఉండాడేమో, నువ్వు నోటితో చెప్పలేక పాపతో అడిగిస్తివేమో అనుకుంటిమి."

అవ్వ నా వైపు తిరిగింది. "నేను ఇంటి గురించి అడగలేదవ్వా! ఖాళీ అంటే... తీరిగ్గా ఎప్పుడుంటారూ అని" అన్నాను. తీరిక అనే మాట వాళ్ళకు తగలలేదు. ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. "అదే... పురుసొత్తు!" అన్నాను, ఏడుపు గొంతుతో.

అవ్వ గోడకు చేరగిలబడి నవ్వింది. తాతయ్య పోయాక ఆ ఇంట్లో ఆవిడ అలా నవ్వడం అదే మొదటిసారి. "పురుసొత్తు అని అడిగేకి నోరు రాలేదా నీకు! గ్యాసు ఖాళీ అయితాది, ఇల్లు ఖాళీ అయితాది. మనుషులు యాడన్నా ఖాళీ అయితారానే!" సరోజక్క నవ్వుతూనే ఏడ్చింది. మూటలోంచి ఒక గ్లాసు బయటికి తీసి, అవ్వకు కాఫీ కలుపుతానని లేచింది కూడా. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న నారాయణప్ప, కండువా చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ నోరు తెరిచాడు.

"అమ్మా, ఇంగొక మాట. పీణ్యలో ఇల్లు మాట్లాడేసినా. మిషన్ షాపుకి నడిచి పోవచ్చు. ఇన్నేండ్లు రెండు బస్సులు మారి పోతా ఉండాను, మోకాళ్ళు ఇంగ ఆగేది లేదు. నిన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోతామని అడిగేకి మనసు రాలే. మీరే అడిగితిరి కదా అని ధైర్యం చేస్తిమి."

సరోజక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కాదని ఆవిడ అనలేదు. అనదని అవ్వకూ అర్థమైంది. "పోండప్పా. మంచిదే" అని అవ్వ లేచి వచ్చేసింది. సామాను బండెక్కిన రోజు సరోజక్క చెప్పి వెళ్ళడానికి వస్తే అవ్వ వంటింట్లోంచి బయటికే రాలేదు. "నాకు పురుసొత్తు లేదు, పో" అంది లోపల్నుంచే. పొయ్యి మీద ఏమీ లేదు. ఉత్త గరిటె పట్టుకుని నిలబడి ఉండటం నేను చూశాను.

ఆ తర్వాతి రోజులు నాకిప్పటికీ ఇష్టంగా గుర్తుకు రావు. మధ్యాహ్నం కాగానే ఇల్లు పెద్దదైపోయేది. నేను పితుకుతానని కూర్చునేదాన్ని, నా చేతుల్లో గింజ నలిగిపోయేది, తోలు ఊడేది కాదు, కాసేపటికే కాళ్ళు తిమ్మిర్లెక్కి లేచిపోయేదాన్ని. అవ్వ ఏమీ అనేది కాదు. ఆవిడ తిట్టకపోవడమే నాకు భయం వేసింది. ఒకరోజు అలా లేచిపోయి, నా కాగితాలు తిరగేస్తుంటే, తీరిక లేదు, తీరిక లేదు అని రాసుకున్న వరస కనిపించింది. ఆ మాట అన్న ప్రతివాళ్ళూ నన్ను గంటేసి సేపు నిలబెట్టుకున్నవాళ్ళే. పూలు కడుతూ, పాడుతూ, మేడమీద ఆకాశం చూస్తూ. వాళ్ళ చేతుల్లో ఏదో ఒకటి ఉంది, పక్కన ఒక మనిషికి చోటు ఉంది. నేను అడగాల్సింది వాళ్ళకు తీరిక ఎప్పుడని కాదు, వాళ్ళ పక్కన ఎప్పుడు కూర్చోవచ్చని. ఆ సంగతి తట్టగానే ఒంట్లో జ్వరం పుట్టినట్టయింది. ఊరంతా మళ్ళీ తిరిగాను. పీణ్యకు కూడా వెళ్ళాను. సరోజక్క కొత్త ఇంటి గుమ్మం ముందే లేత్ మిషన్ల రొద. "మాట్లాడితే నా మాట నాకే వినపడదు పాపా. బేజారు" అంది. అవ్వ గురించి అడగలేదు. బస్సు దాకా వచ్చి సాగనంపి, "అవరేకాయ తెప్పిస్తా ఉండాదా?" అని మాత్రం అంది.

మడతలు విప్పితే పొడుగ్గా సాగే గైడ్ తయారైంది. కన్నడం ఒకవైపు, తెలుగు ఒకవైపు. పైన పెద్ద అక్షరాలతో 'పురుసొత్తు లేనివాళ్ళకు' అని రాశాను. ఒక్కో మడతలో ఎవరు, ఎక్కడ, ఏ వేళ, వెళితే మన చేతికి ఏం పని దొరుకుతుంది. చివరి మడతలో పీణ్య, సరోజక్క గుమ్మం, ఏ బస్సు ఎక్కి ఎక్కడ మారాలో బొమ్మలతో దారి. అచ్చుతప్పులు చూడమనే వంకతో జ్యూరీ ముందురోజు ఒక ప్రతి అవ్వకిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "ఇంత దూరమా" అని మడిచి దిండు కింద పెట్టుకుంది. అంతే. పడుకోబోయే ముందు మాత్రం రోజూ నానబెట్టే దానికి రెండింతలు గింజలు నానబెట్టడం చూసి, మతిమరుపు కూడా మొదలైందా అని బెంగపడ్డాను.

జ్యూరీలో మేడమ్ మడతలన్నీ విప్పి, మూసి, మళ్ళీ విప్పింది. "బాగుంది. కానీ నా పాత ప్రశ్న పాతదే. ఇది చదివి ఎవరైనా గడప దాటారా?" అంది. "ఇంకా లేదు మేడమ్" అన్నాను. ఆలోచన సగంలో ఉందని, మిగతా సగం వచ్చే ఏడు చూద్దామని గట్టెక్కించారు. ఒంగోలు రైలు తప్పింది. ఎగురుకుంటూ ఇంటికొచ్చేసరికి తలుపుకు తాళం. ఆ ఇంటికి తాళం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తాతయ్య కాలం నాటి ఇత్తడి తాళం, గడియకు బరువుగా వేలాడుతోంది. పూలావిడ వీధి అవతల నుంచి కేకేసింది: "అవ్వ బస్టాండుకు పోయె పాపా! వైరు బుట్టలో తపేలా, చేతిలో ఏందో కాయితం. తోడు వస్తానంటే పురుసొత్తు లేదంటా పోయె!"

బస్సులో ఆ దారంతా నేను కూర్చోలేదు, సీటున్నా నిలబడే ఉన్నాను. రోడ్డు దాటేటప్పుడు పడిపోయిందేమో, బస్సు మారే చోట తప్పిపోయిందేమో అని ఒకటే కంగారు. పీణ్యలో దిగి సందు మలుపు తిరిగేసరికి లేత్ మిషన్ల రొద మీద నుంచి అవ్వ గొంతు వినిపించింది. గుమ్మం ముందు ఇనుప రజను ఊడ్చిన చోట ఒక గోనె పరుచుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో తపేలా. ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరూ అరుచుకుంటున్నారు. నన్ను చూసి అవ్వ ఆశ్చర్యపోనైనా లేదు. "ఏమే, ఇప్పుడే రావల్లా? ఇవి అయ్యేదాకా నాకు పురుసొత్తు లేదు. కూర్చో" అంది. కూర్చున్నాను. మేడమ్‌కు చెప్పాల్సిన జవాబు నా ఎదురుగా చేతినిండా తోళ్ళు పట్టుకుని ఉంది, జ్యూరీ అయిపోయింది, నాకేమీ అక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం నేను పితికిన గింజల్లో ఒక్కటీ నలగలేదు.

ఇప్పుడు పితికిన పప్పు కవర్లలో కట్టి మా అపార్ట్‌మెంట్ గేటు ముందే అమ్ముతున్నారు. ఫోను చేస్తే పైకే తెచ్చిస్తారు. సుఖమే, కాదనను. అలాగని ఎదురు ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళ పేరు నాకు తెలియదు, వాళ్ళకు నా పేరు తెలియదు. ఓనరు ఖాళీ చేయమంటే నాతో కాఫీ తాగి ఏడ్చేవాళ్ళు ఈ అంతస్తులో ఒక్కరూ లేరు. నిన్న ఆదివారం మార్కెట్‌కు పోయి కవరు పప్పు కాకుండా బుట్టెడు కాయలు తెచ్చాను. పీజీకి వెళ్ళి ఆ పిల్లను వెతికి పిలుచుకొచ్చాను. నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చోబెట్టి, ఒక గుప్పెడు కాయలు దాని ఒళ్ళో పోశాను. అది ఫోను వంక చూసుకుంటూ, కాళ్ళు మార్చుకుంటూ, "ఇదంతా ఎంతసేపు పడుతుందాంటీ?" అంది.

"నేను ఇల్లు ఖాళీ చేసేలోగా అయిపోతుందిలే" అన్నాను. "ఒలువు."